మాస్టారి జవాబులు: అమెరికా పేపరు, మూడు కాళ్ల కుందేలు

కిందటి నెల ఇదే పేజీలో అమెరికా సెనేట్ గురించి ఎవరో అడిగితే నాలుగు ముక్కలు రాశాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం అవే. పీజీ పిల్లలకి ప్రాజెక్టులు ఇచ్చే కాలం కూడా ఇదే కదా. అన్నిటికీ చోటు లేదు, కొన్ని ఏరాను. మొదటిదానికి మిగతావాటికంటే చాలా ఎక్కువ జాగా పట్టింది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో ఏడు. నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తారు. అమెరికా సుంకాల మీద ప్రాజెక్టు పేపరు రాసి ఇస్తే మా గైడ్ గారు మొదటి పేజీ మీదే ఎర్ర పెన్నుతో ‘ఇది పరిశోధన కాదు, ఫిర్యాదు’ అని రాసి తిప్పి ఇచ్చేశారు. సుంకం 50 శాతం అయిన వారంలో మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదండి. అలాంటి సంగతిని నేను నిష్పాక్షికంగా ఎలా రాసేది? టాపిక్ మార్చుకోమంటారా?
— ఎం.ఏ. విద్యార్థిని

జవాబు: మార్చొద్దమ్మా. ఆ టాపిక్ గురించి నీకున్నంత పట్టుదల ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని రాసేవాడికి ఉండదు. పేపరు మాత్రం మార్చు.

నువ్వు పంపిన మొదటి పేజీ చదివాను. ‘అమెరికా అధ్యక్షుడు అహంకారంతో భారత రొయ్యల రైతు పొట్ట కొట్టాడు’ అని మొదలెట్టావు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చూద్దాం, దీంట్లో మూడు రకాల సరుకు కలిసిపోయి ఉంది. అధ్యక్షుడు చేశాడు అన్నది తేలే సంగతి, ఉత్తర్వులున్నాయి, తేదీలున్నాయి: 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, మనం రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి ఇంకో 25. అది రాయి. అహంకారంతో అన్నావే, అది ఆయన మనసులో దూరి చూస్తే తప్ప తేలదు, కొట్టెయ్. ఇక పొట్ట కొట్టాడు అన్నది బాధగా చూస్తే నిజమే, కానీ పేపర్లో దాన్ని లెక్కగా మార్చాలి. ఏ కౌంటుకి (కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య), ఏ వారంలో, కిలోకి ఎంత పడింది? మీ నాన్నగారి దగ్గర పట్టుబడి చీటీలు ఉంటాయి కదా, జూన్‌లో 50 కౌంటు ఎంతకి పోయింది, సెప్టెంబరులో ఎంతకి పోయింది, వరసగా రాసి చూడు. అది సాక్ష్యమే, కాకపోతే ఒక్క గట్టు మీది సాక్ష్యం. ఆ నెలల్లోనే చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలి తొందరపడి పట్టేశారా, మేత రేటు పెరిగిందా, ఈక్వడార్ రొయ్య పోటీ ఎలా ఉంది, ఇవేవీ చూడకుండా పడిన ప్రతి రూపాయీ సుంకం ఖాతాలో రాసేస్తే అది మీ ఏజెంటు రాసే లెక్కలాగే ఉంటుంది.

ఇంకో చోట ‘ఈ సుంకాన్ని మన రైతు కడుతున్నాడు’ అన్నావు. చట్టప్రకారం కట్టేది అక్కడి దిగుమతిదారు, సరుకు వాళ్ల రేవులో దిగినప్పుడు. అతను ఆ భారం కొంత తన కొనుగోలుదారు మీదకి తోస్తాడు, కొంత మన ఎగుమతిదారు మీదకి తోస్తాడు, ఎగుమతిదారు ప్లాంటు దగ్గర రేటు తగ్గిస్తాడు, ఏజెంటు గట్టు మీదకొచ్చి ఇంకాస్త తగ్గిస్తాడు. ఆఖర్న ఎవరి నెత్తిన ఎంత పడిందన్నది లెక్కగట్టి చెప్పాల్సిన సంగతి. ముందే తెలిసిపోయినట్టు రాయకూడదు.

సరే, నీది ఎకనామిక్స్ కాదు కాబట్టి ధరల గొడవ రెండు పేరాల్లో ముగించు. నీ సబ్జెక్టుకి దక్కిన అసలు ప్రశ్న వేరే ఉంది: ఒక మనిషి సంతకంతో ఇంత సుంకం ఎలా పడింది? అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ తీసి చూడు, పన్నులూ సుంకాలూ వేసే అధికారం కాంగ్రెస్‌ది, అంటే వాళ్ల పార్లమెంటుది, అని ఉంటుంది. 1930లో స్మూట్-హాలీ చట్టం చేసినప్పుడు వేలకొద్దీ సరుకుల రేట్లు ఆ సభలవాళ్లే కూర్చుని రాసుకున్నారు. 1934లో పెద్ద మలుపు, వేరే దేశాలతో ఒప్పందం చేసుకుని సుంకాన్ని సగం దాకా మార్చే అధికారం అధ్యక్షుడు రూజ్వెల్ట్ చేతికిచ్చారు. తర్వాత 1962లో ఒక చట్టం, 1974లో ఒకటి, 1977లో ఒకటి, మెల్లమెల్లగా తాళాల గుత్తి ఇంకో చేతికి వెళ్లిపోయింది. 2025లో మన మీద వేసిన సుంకానికి ఆధారంగా చూపింది ఆ 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. అందులో దిగుమతులను ‘నియంత్రించవచ్చు’ అని ఉంది, సుంకం అన్న మాట లేదు. నియంత్రించడంలోకి సుంకం వెయ్యడం కూడా వస్తుందా రాదా? ఈ ఒక్క క్రియాపదం మీద కేసు వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 నవంబరు 5న వాదనలు జరిగాయి, రాదని 2026 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. ఆ వాదనలు మాట పొల్లుపోకుండా కోర్టు వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి, కూర్చుని చదువు. ఏ అధ్యక్షుడు నియమించిన జడ్జి ఏ ప్రశ్న వేశాడో చూస్తే పేపరు సగం అక్కడే దొరుకుతుంది. ఇలా కదులుతున్న విషయం మీద రాసేటప్పుడు ‘ఫలానా తేదీ దాకా జరిగినవే ఇందులో చూశాను’ అని మొదటి పేజీలోనే రాసెయ్యాలి, లేకపోతే రోజూ వార్తలు చూసుకుంటూ టెన్షన్ పడాలి.

ఇప్పుడు అసలు మాట. నిష్పాక్షికత అంటే నీకు అభిప్రాయం లేకపోవడం అని ఎవరో నీకు చెప్పినట్టున్నారు. అభిప్రాయం లేనివాడు పేపరు ఎందుకు రాస్తాడమ్మా, పడుకుంటాడు. నీకు నచ్చని జవాబు వచ్చే అవకాశం ఉన్న ప్రశ్న వేసుకున్నావా లేదా అన్నదొక్కటే నేను చూస్తాను. ‘సుంకాలు అన్యాయమా?’ అని అడిగితే జవాబు నీ జేబులో ముందే ఉంది. దాని బదులు ఇలా అడిగి చూడు: అక్కడ అధికారంలో ఉన్న పార్టీ మారినప్పుడల్లా మన రొయ్య మీద వాళ్ల పద్ధతి మారిందా? ఎందుకంటే 2025కి ముందు కథ చాలా ఉంది. మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకి సరుకు దింపుతున్నారని వేసే సుంకం, 2005 ఫిబ్రవరి నుంచి ఉంది. తక్కువ ధరకి దింపుతున్నారా అని తేల్చేది వాళ్ల వాణిజ్య శాఖ, దానివల్ల అక్కడి పరిశ్రమకి దెబ్బ తగిలిందా అని తేల్చేది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్. ఆ కమిషన్లో ఆరుగురు సభ్యులకి చోటుంటే ఒకే పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదని చట్టం. ఐదేళ్లకోసారి ఇది ఇంకా కావాలా అని సమీక్ష చేస్తారు. బుష్ పోయి ఒబామా వచ్చాడు, ట్రంప్ వచ్చాడు, బైడెన్ వచ్చాడు, ఆ ఉత్తర్వు అలాగే ఉంది. మరి ‘అంతా ఒక్క మనిషి అహంకారం’ అన్న నీ మొదటి వాక్యం ఏమైనట్టు? చూశావా, ప్రశ్న మార్చగానే నీ కాగితమే నీతో వాదన పెట్టుకుంది. అలా పెట్టుకోవాలి.

ఆ ఫిర్యాదు పెట్టింది ఎవరో కూడా చదువు. గల్ఫ్ తీరంలో, లూసియానా, టెక్సాస్ వైపు పడవలేసుకుని సముద్రంలో రొయ్య పట్టేవాళ్లు. వాళ్ల దేశంలో తినే రొయ్యలో పదింట తొమ్మిది పాళ్లకు పైగా బయటి సరుకే, అందులో కొన్నేళ్లుగా మనదే పెద్ద వాటా. మీ నాన్నగారు గట్టు మీద కూర్చుని ఏమని తిట్టుకుంటున్నారో, అక్కడ రేవులో పడవ కట్టేసి కూర్చున్నవాడు మన గురించి అదే తిట్టుకుంటున్నాడు. వాడి వాదనని వాడే చదివి ‘అవును, నేనన్నది ఇదే’ అనేలా ఒక పేజీ రాయగలిగితే మీ గైడ్ గారి ఎర్ర పెన్ను ఆగిపోతుంది. ఒప్పుకోమనడం లేదు, సరిగ్గా రాయమంటున్నాను.

ఇంకో చిన్న పని చెప్తాను, దీనికి డబ్బు ఖర్చు లేదు. రొయ్యల దిగుమతి గురించి కాంగ్రెస్ సభ్యులు మాట్లాడినవి ఒక ఇరవై ఏరుకో. ఒక్కోదాని పక్కన ‘స్థానిక ఉపాధి’, ‘ఆహార భద్రత’, ‘భారత్ మీద విమర్శ’ ఇలా నువ్వే గుర్తులు పెట్టు. తర్వాత ఆ గుర్తులు, మాట్లాడినవాడి పేరు, పార్టీ కనబడకుండా అదే ఇరవై నీ స్నేహితురాలికిచ్చి తనని పెట్టమను, వీలైతే రొయ్యలతో సంబంధం లేని అమ్మాయిని, కొబ్బరి తోటల వాళ్లమ్మాయిని పట్టుకో. ఇద్దరికీ తేడా వచ్చిన చోట్లన్నీ చూడు. నువ్వు ‘విమర్శ’ అని రాసిన ఆరింట్లో నాలుగు తనకి మామూలు మాటల్లా కనబడ్డాయనుకో, నీ కోపం ఎక్కడెక్కడ కలం పట్టుకుందో దొరికిపోయినట్టే. మీ ఇంటికి చెరువులున్న సంగతి కూడా పేపర్లో ఒక వాక్యం రాసెయ్, దాచడం దేనికి.

నా సొంత గొడవ ఒకటి చెప్పి దీన్ని వదిలేస్తాను. నేను ఎం.ఫిల్. చేసేటప్పుడు వాటర్‌గేట్ మీద రాశాను, ప్రత్యర్థి పార్టీ ఆఫీసులో దొంగతనంగా దూరిన గొడవని కప్పిపుచ్చబోయి అధ్యక్షుడు నిక్సన్ దొరికిపోయిన కుంభకోణం అది. అప్పట్లో ఇంటర్నెట్ ఎక్కడిది, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి, ఉస్మానియా ఆవరణలో ఉన్న అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్లో కూర్చుని నోటు పుస్తకాల్లో ఎక్కించుకునేవాణ్ణి. నా థీసిస్ ఒక్కటే మాట: వ్యవస్థ పనిచేసింది, తప్పు చేసిన అధ్యక్షుడు దిగిపోయాడు. 1974 జులై 24న సుప్రీంకోర్టు 8–0తో ఆయన ఆఫీసులో మాటలు రికార్డయిన టేపులు ఇచ్చెయ్యమంది, ఆ వారంలోనే ప్రతినిధుల సభ న్యాయ సంఘంలో ఆయన సొంత పార్టీ వాళ్లు ఆరుగురు అభిశంసనకి ఓటేశారు, ఆగస్టు 9న నిక్సన్ వెళ్లిపోయాడు. అన్నీ నిజాలే. మా గైడ్ గారు అంతా చదివి కళ్లజోడు తీసి ఒకటే అడిగారు, ‘టేపులే లేకపోతే?’ అని. నా దగ్గర జవాబు లేదు. ఎమర్జెన్సీ రోజుల్లో కాలేజీలో చదువుకున్నవాణ్ణి, వేరే దేశంలోనైనా వ్యవస్థ గెలిచిందని చెప్పుకోవాలని నాకు లోపల కోరిక, దానికి సరిపడే కాగితాలే ఏరుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటారే, నేను నాలుగో కాలు కనబడకుండా చేత్తో మూసిపెట్టి మరీ లెక్కపెట్టాను. ఆ అధ్యాయం మళ్లీ రాయడానికి ఏడు నెలలు పట్టింది.

ప్రశ్న: డెమొక్రాట్లకి ఐదు పేజీలు, రిపబ్లికన్లకి ఐదు పేజీలు సమానంగా ఇచ్చాను సార్. అప్పుడు పేపరు ఆబ్జెక్టివ్ అయినట్టేనా?
— బి.ఏ. విద్యార్థి, రాజమండ్రి

జవాబు: అది పెళ్లి విందులో వడ్డనయ్యా, పరిశోధన ఎలా అవుతుంది? 2020 ఎన్నికల్లో మోసం జరిగిందా అన్న ప్రశ్న తీసుకో. 60కి పైగా కేసులు వేస్తే దాదాపు అన్నీ కోర్టుల్లో వీగిపోయాయి, ట్రంప్ నియమించిన జడ్జీలు కొట్టేసినవి కూడా వాటిలో ఉన్నాయి. దానికి ఐదు పేజీలు దీనికి ఐదు పేజీలు అంటే నువ్వు ఒక పక్షానికి సాయం చేస్తున్నట్టే. సాక్ష్యం ఎటు బరువుంటే తక్కెడ అటు వంగాలి.

అదే ఎలక్టోరల్ కాలేజీ, అంటే రాష్ట్రాలవారీ ఓట్లతో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి, ఉండాలా వద్దా అన్నావనుకో, అది వేరు. అక్కడ తేలే సంగతులు కొన్ని: మొత్తం 538 ఓట్లు, 270 వస్తే గెలుపు, 2000లో అల్ గోర్‌కి దేశం మొత్తం మీద 5 లక్షల 40 వేల ఓట్లు ఎక్కువొచ్చినా ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ అధ్యక్షుడయ్యాడు, 2016లో హిల్లరీకి 28 లక్షలకు పైగా ఎక్కువొచ్చినా ఓడిపోయింది. ఇక్కడిదాకా ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత రాష్ట్రాల మాటకి బరువుండాలా, ఒక్కో మనిషి ఓటుకి సమాన బరువుండాలా అన్నది విలువల గొడవ, అక్కడ రెండు వైపులా సమానంగా వినిపించు.

అమెరికా దూరం కాబట్టి మనకి పక్షపాతం ఉండదనుకోకు. ఒక పరీక్ష పెడతాను. మన రాష్ట్రంలో 2024 ఎన్నికల్లో 39 శాతానికి పైగా ఓట్లొచ్చిన పార్టీకి 175లో 11 సీట్లొచ్చాయి. ఇది చదవగానే మీలో కొందరికి నవ్వొచ్చింది, కొందరికి మండింది. అంకె ఒకటే! ఆ నవ్వో మంటో ఎక్కడ పుట్టిందో పట్టుకుని, తర్వాత ఫ్లోరిడా 537 దగ్గరికి రా.

ప్రశ్న: మా బాబాయి డల్లాస్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు. అక్కడ జనం ఏమనుకుంటున్నారో రోజూ వాట్సాప్‌లో చెప్తుంటారు. పేపర్లో వాడుకోవచ్చా మాస్టారూ?
— అమలాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వాడుకోవచ్చు, డల్లాస్‌లో మీ బాబాయిగారు ఏమనుకుంటున్నారు అన్నదానికి సాక్ష్యంగా. అంతకుమించి లాగకండి.

రొయ్యల వాళ్లని అడగండి, సాంప్లింగ్ ఎలా చేస్తారో చెప్తారు. మేత చల్లే చోటే నాలుగుసార్లు విసురు వల వేస్తే పడినవన్నీ బలిసినవే ఉంటాయి, అది చూసి చెరువంతా 40 కౌంటుకి వచ్చేసిందని సంబరపడితే పట్టుబడి రోజున ఏడుపే. 1936లో ‘లిటరరీ డైజెస్ట్’ అనే అమెరికా పత్రిక సరిగ్గా ఇదే చేసింది. కోటి దాకా కార్డులు పంపారు, తిరిగొచ్చినవే 20 లక్షల పైచిలుకు, వాటిని లెక్కగట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడన్నారు. వచ్చిన ఫలితం చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్‌వి. వాళ్లు పేర్లు తీసుకున్నది ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడెవడు? పైగా కార్డు తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్లు వేరు, పంపనివాళ్లు వేరు. అదే ఏడాది జార్జ్ గాలప్ అంతకంటే చాలా తక్కువమందిని అడిగి రూజ్వెల్ట్ గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు. వలలు ఎన్ని వేశామని ఎవరూ అడగరు, ఏ మూలల్లో వేశామన్నదే లెక్క. మీ బాబాయిగారిది ఒక్క వల, అదీ ఒక్క మూల, అందులోనూ ఆయన ఆదివారం కలిసే స్నేహితులందరూ మన జిల్లా వాళ్లే అయ్యుంటారు.

ప్రశ్న: నేను తెలుగు మీడియం. అమెరికా పుస్తకాలు చదువుతుంటే మాటలు తెలిసినట్టే ఉంటాయి, అర్థం మాత్రం తిరగబడుతోంది. ఏం చెయ్యాలి?
— రాజోలు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: నీకు తిరగబడుతోందని తెలిసింది, ఇంగ్లీషు మీడియం వాళ్లకి అది కూడా తెలియడం లేదు, దిగులు పడకు. వాళ్ల కాంగ్రెస్ అంటే పార్టీ అనుకుంటావేమో, అది వాళ్ల పార్లమెంటు, రెండు సభలూ కలిపి. మనం ‘ప్రభుత్వం’ అనేదాన్ని వాళ్లు అడ్మినిస్ట్రేషన్ అంటారు. గవర్నమెంట్ అంటే సభలూ కోర్టులూ అన్నీ కలిపి, అందుకే అక్కడ ప్రభుత్వం పడిపోవడం అన్న మాటే ఉండదు. బడ్జెట్ పాసవకపోతే మన దగ్గర మంత్రివర్గం పోతుంది, వాళ్ల దగ్గర అధ్యక్షుడు అలాగే ఉంటాడు, ఆఫీసులు మూతపడతాయి. 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా అలా 35 రోజులు చాలా ఆఫీసులు మూసేశారు. సెక్రటరీ మన దగ్గర ఐఏఎస్ అధికారి, అక్కడ మంత్రిలాంటివాడు. మన గవర్నర్‌ని రాష్ట్రపతి వేస్తే, వాళ్ల గవర్నర్ జనం ఓట్లతో గెలిచొస్తాడు. చాలా రాష్ట్రాల్లో జడ్జీలు కూడా ఎన్నికల్లో నిలబడతారు, మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను నేను.

అన్నిటికంటే పెద్ద గుంట ఒకటుంది. బిల్లుని ‘టేబుల్ చేశారు’ అంటే మన పార్లమెంటు భాషలో సభ ముందు పెట్టారని అర్థం, అమెరికాలో పక్కన పడేశారని అర్థం. ఈ ఒక్క మాటతో మొత్తం అధ్యాయం తలకిందులైన పేపర్లు రెండు దిద్దాను నేను. ఇంక రంగులు. ఎర్ర రాష్ట్రం అంటే మన గోదావరి వాళ్లకి సుత్తీ కొడవలి గుర్తొస్తుంది, అక్కడ ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమొక్రాట్లది. ఆ రంగులు అలా స్థిరపడింది కూడా 2000 ఎన్నికల ఫలితాల గొడవ వారాల తరబడి టీవీల్లో నడిచాకే. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ఎడమవైపు వాళ్ల మాట, కుడివైపు మన దగ్గర దానికి దగ్గరిది, కింద తేడా రాసుకో. లిబరల్ అన్న మాటకి మాత్రం ఒక పేజీ వదిలిపెట్టు, నిండుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి పేపరంతా ఏఐతో రాయించేస్తున్నాడు. ‘ఇది మనిషి కంటే నిష్పాక్షికం నాన్నా, దానికి పార్టీ లేదు’ అంటున్నాడు. నిజమేనా అండీ?
— ఒక తండ్రి, తణుకు

జవాబు: దానికి పార్టీ ఉందో లేదో తర్వాత, దానికి సిగ్గు లేదండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే దానితో రాయించి కోర్టులో వేస్తే, అందులో చూపించిన పాత తీర్పులు కొన్ని ఈ భూమ్మీద ఎప్పుడూ ఇవ్వనివి అని తేలింది, జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. మీవాడిని కూర్చోబెట్టి, పేపర్లో ఉన్న ఆధారాల్లో ఏవో ఐదు మీరే వేలు పెట్టి చూపించి, ‘వీటి అసలు కాగితాలు తెరిచి చూపించరా’ అనండి. ఐదింటికి ఐదూ తెరిచి చూపిస్తే నాకు ఉత్తరం రాయండి, వాణ్ణి మెచ్చుకుంటాను. కష్టమైన ఇంగ్లీషు పేరా అర్థం చేసుకోడానికి దాన్ని అడగడం నాకు తప్పనిపించదు, నేనూ అడుగుతుంటాను.

ప్రశ్న: పేపరు ఎన్ని పేజీలుండాలి సార్?
— కాకినాడ

జవాబు: మీ గైడ్‌ని అడుగు నాయనా.

ప్రశ్న: మీరు ఎన్ని చెప్పినా నిష్పాక్షికత అనేదే పెద్ద బూటకం మాస్టారూ. ప్రతి పుస్తకం ఎవరో ఒకరి పక్షాన రాసిందే. నలభై ఏళ్లు బ్యాంకులో చేశాను, లెక్కలే పక్షపాతంగా రాస్తారు, ఇక రాజకీయాలు రాయరా?
— రిటైర్డు ఉద్యోగి, పాలకొల్లు

జవాబు: మీరు బ్యాంకు వారు కాబట్టి మీ భాషలోనే చెప్తాను. లెక్కలు పక్షపాతంగా రాస్తారని తెలిసే కదండీ ఆడిట్ పెట్టారు? లెక్కలే వద్దనలేదుగా. వోచరు ఉందా లేదా, ఇంకోడొచ్చి కూడితే అదే మొత్తం వస్తుందా, అంతే. నేను పిల్లల్ని అడిగేదీ ఆ వోచరే.

పక్షపాతంతో రాసింది పనికిరాదన్న మాట కూడా నేను ఒప్పుకోను. అమెరికా రాజ్యాంగం గురించి ఎవరు రాసినా తిరగేసే ఫెడరలిస్ట్ వ్యాసాలున్నాయి చూడండి, 85 వ్యాసాలు, 1787, 88లలో హామిల్టన్, మాడిసన్, జాన్ జే ముగ్గురూ పబ్లియస్ అన్న మారుపేరుతో రాశారు. ఎందుకు రాశారు? న్యూయార్క్ వాళ్ల చేత కొత్త రాజ్యాంగానికి సరే అనిపించడానికి. అంటే ఎన్నికల కరపత్రాలకి అన్నయ్యలు. అయినా పదో వ్యాసంలో ముఠాల గురించి మాడిసన్ రాసింది చదివితే మన మండల రాజకీయాలు కళ్ల ముందు కనబడతాయి. 51వ వ్యాసంలో మనుషులు దేవతలైతే ప్రభుత్వమే అక్కర్లేదన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. కరపత్రం అని తెలిసి చదివితే బంగారం, అది తెలియక ‘రాజ్యాంగం ఇలాగే పనిచేస్తుంది’ అని కాపీ కొడితే మాత్రం మోసపోయినట్టే. వాళ్లని ఎదిరించినవాళ్లు కూడా బ్రూటస్ అనీ, ఫెడరల్ ఫార్మర్ అనీ మారుపేర్లతో రాశారు. అవి కూడా పక్కన పెట్టుకుని చదవమంటాను. మీకు తీరిక ఉంది కాబట్టి మీరూ చదవండి, మళ్లీ దెబ్బలాడుకుందాం.

ప్రశ్న: మా ఊళ్లో లైబ్రరీ మధ్యాహ్నం తర్వాత తియ్యరు. ఫోన్ తప్ప ఏమీ లేదు. అసలు కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?
— ఆత్రేయపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఫోన్ చాలమ్మా, ఈ విషయంలో అమెరికా వాళ్లకి దణ్ణం పెట్టాలి. బిల్లులు, ఎవరు ఎటు ఓటేశారన్నది, సభలో మాట్లాడినవి అన్నీ కాంగ్రెస్ సొంత వెబ్‌సైట్లో ఉంటాయి. అధ్యక్షుడి ఉత్తర్వులకి ఫెడరల్ రిజిస్టర్, అది మన గెజిట్ లాంటిది. ఏ విషయం మీదైనా ముందు కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ నివేదిక ఒకటి ఉందేమో వెతుకు. రెండు పార్టీల సభ్యులకీ పనికొచ్చేలా రాయాలి కాబట్టి వాళ్ల భాష ఎంత పొడిగా ఉంటుందంటే నిద్రొస్తుంది, కానీ నీకు కావలసింది ఆ పొడితనమే. 2018లో చట్టం చేశాక అందరికీ తెరిచిపెట్టారు. ఓటర్ల అభిప్రాయాలకి అమెరికన్ నేషనల్ ఎలక్షన్ స్టడీస్ అని 1948 నుంచి చేస్తున్న సర్వేలున్నాయి, వివరాలు రాసి రిజిస్టర్ చేసుకుంటే డేటా ఉచితం. పార్టీల డబ్బు సంగతి కావాలంటే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్.

కాగితం దొరకగానే డౌన్‌లోడ్ చేసి, చూసిన తేదీ పక్కన రాసి పెట్టుకో. ప్రభుత్వం మారినప్పుడు అక్కడ కూడా పేజీలు మాయమవుతుంటాయి.